గేదెల పాక నీళ్ళకి పాచి షీటు: డాబా మీద పెట్టుకునే పద్ధతి

ముందే చెప్పేస్తున్నా, గుడ్డ మీద పాచి పెంచి దాని మీదుగా మురుగునీళ్ళు పారించే ఈ పద్ధతిలో వారం వారం గీకుడు పని ఉంటుంది. పాచితో మురుగునీళ్ళు శుభ్రం చెయ్యొచ్చు అనగానే చాలామంది ఆ పాచి ఏదో చెత్తనంతా తినేసి మాయం చేసేస్తుందనుకుంటారు, కాదండీ, నీళ్ళలో కరిగున్న నత్రజనినీ ఫాస్ఫరస్‌నీ తన ఒంట్లోకి లాక్కుని దాచుకుంటుంది అంతే, దాన్ని మనం గీకి బయట పడేసినప్పుడే అవి నీళ్ళలోంచి నిజంగా పోయినట్టు లెక్క. గీకకుండా వదిలేస్తే అది చచ్చి, కుళ్ళి, తిన్నదంతా మళ్ళీ అదే నీళ్ళలో కక్కేస్తుంది. మా ఊరి చెరువులో ఏటా జరిగేది అదే. చలికాలం అంతా పచ్చగా పాచి పట్టడం, ఎండలు ముదరగానే అడుగున కూర్చుని కంపు కొట్టడం, మళ్ళీ దాని మీదే గుర్రపు డెక్క అల్లుకోవడం. ఆ చెరువులోకి మా పాక నీళ్ళు కూడా పోతున్నాయి కదా అన్న బాధతోనే నేను ఈ పని మొదలెట్టాను.

మాకు నాలుగు గేదెలు. పేడ ఎత్తి గెత్తం కుప్పలో వేస్తాం, కానీ పొద్దున్నా సాయంత్రం పాక కడిగిన నీళ్ళు, మూత్రంతో సహా, బోదెలో పడి చెరువుకి పోయేవి. ఇలాంటి నీళ్ళకి పాచిని గుడ్డ మీద పెంచే పద్ధతి ఎలా పెట్టుకోవాలో, ఎక్కడెక్కడ చెడుతుందో నాకు తెలిసింది రాస్తున్నా. చేపల ట్యాంకు నీళ్ళకైనా, సెప్టిక్ ట్యాంకు దాటి వచ్చే నీళ్ళకైనా సూత్రం ఇదే, జాగ్రత్తలు కొంచెం మారతాయి.

గుడ్డ మీద ఎందుకు, తొట్టెలో పెంచొచ్చుగా అంటారా. రొయ్యల చెరువులు చూసినవాళ్ళకి తెలుసు, ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్న పాచి, కట్టిందంటే నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా అయిపోతాయి, చూడటానికి బోలెడంత ఉన్నట్టు ఉంటుంది, కానీ లీటరు నీళ్ళలో ఎండిన సరుకు అరగ్రాము, మహా అయితే ఒక గ్రాము. అంటే కిలో పొడి పాచి కావాలంటే వెయ్యి నుంచి రెండు వేల లీటర్ల నీళ్ళు వడకట్టాలి, పైగా ఒక్కో కణం 5-10 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి పంచె గుడ్డలో పోస్తే మొత్తం కిందకి జారిపోతుంది. సెంట్రిఫ్యూజులు (గిర్రున తిప్పి వేరుచేసే యంత్రాలు), పటిక, ఫిల్టర్లు అంటూ ఖర్చంతా అక్కడే అవుతుంది. అదే పాచి గుడ్డకి అంటుకుని పొరగా పెరిగితే గీకిన ముద్దలోనే 10 నుంచి 20 శాతం దాకా గట్టి సరుకు ఉంటుంది, అంటే ముద్ద ముద్దగా చేతికొచ్చేస్తుంది, ఇడ్లీ పిండిలాగా. నీటిని వడకట్టే పనే లేదు. ఈ పద్ధతి గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లోనే, పగడపు దిబ్బల మీద పెరిగే పొట్టి పాచిని చూసి, ఇంతలేసి జీవాలున్న తొట్టె నీళ్ళని పాచితోనే శుభ్రంగా ఉంచొచ్చని జల్లెడ మీద నీళ్ళు పారించి చూపించాడు, దాన్నే ఆల్గల్ టర్ఫ్ స్క్రబ్బర్ అంటారు. తర్వాత మేరీల్యాండ్‌లో అక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళు, వాల్టర్ మల్బ్రీ బృందం, డెయిరీ పేడ నీళ్ళ మీద ఇదే ప్రయోగం చేశారు, అది మనకి బాగా దగ్గర. అయోవా స్టేట్ యూనివర్సిటీలో మార్టిన్ గ్రాస్, జియూ వెన్ ఇంకో అడుగు ముందుకేసి గుడ్డని నిలువు బెల్టులా తిప్పారు, కింద నీళ్ళలో మునిగి పైన గాలీ వెలుతురూ తగిలేలా. వాళ్ళు రకరకాల గుడ్డలూ ప్లాస్టిక్‌లూ పరీక్షించి చివరికి ఎంచుకున్నది మందపాటి కాటన్ కాన్వాసే. యూటా స్టేట్‌లో క్రిస్టెన్సన్, సిమ్స్ కాటన్ తాడుని డ్రమ్ముకి చుట్టి తిప్పారు, వాళ్ళ దగ్గరా కాటనే గెలిచింది.

మనం మోటారుతో తిరిగే బెల్టు జోలికి పోవద్దు, వాలు షీటు చాలు.

నా దగ్గరున్నది ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. కింద చెక్క ఫ్రేము, దాని మీద ఫైబర్ షీటు సమంగా పరిచాను. జింకు పూసిన రేకు మాత్రం వాడొద్దు, రాగి అసలే వద్దు, ఆ రెండూ పాచికి విషం, రొయ్యల రైతులు పాచి చంపడానికి వాడే మైలుతుత్తం రాగిదే కదా. వాలు మీటరుకి 2-3 సెంటీమీటర్లు చాలు, ఎక్కువ పెడితే నీళ్ళు పాయలు పాయలుగా విడిపోయి మధ్యలో ఎండిన మచ్చలు పడతాయి. పై అంచున అంగుళం పీవీసీ పైపుకి 3 సెంటీమీటర్లకొకటి చొప్పున చిన్న బెజ్జాలు, కింద అంచున 4 అంగుళాల పైపుని నిలువునా కోసి కాలవలా పెట్టి, ఆ నీళ్ళు 100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పడేలా చేశాను. డ్రమ్ములోంచి కూలర్ పంపు మళ్ళీ పైకి తోడుతుంది. కూలర్ పంపుల్లో ఎక్కువ ఎత్తు తోసే రకం తీసుకోండి, చిన్నవి ఆరడుగులు ఎక్కేసరికి చుక్కలు రాలుస్తాయి. గుడ్డ మీద ఎక్కడ చెయ్యి పెట్టినా నీళ్ళు కదులుతూ తగలాలి, 2-3 మిల్లీమీటర్ల మందం, అదొక్కటే కొలత.

నీళ్ళు మరీ నెమ్మదిగా ఒకే తీరుగా పారడం కన్నా అలలుగా వస్తే పాచి బాగా ఎదుగుతుంది. ఏడీ తన దాంట్లో బోల్తా కొట్టే బకెట్టు పెట్టింది అందుకే, అల వచ్చినప్పుడల్లా పాచి పోగులు అటూ ఇటూ ఊగి నీడలో ఉన్నవాటికీ వెలుతురు తగులుతుంది, వాటి చుట్టూ నిలవున్న నీళ్ళు మారిపోయి కొత్త మేత అందుతుంది. నేను బకెట్టు పెట్టలేదు, కుదిరితే మీరు పెట్టుకోండి.

గుడ్డ సంగతి. మొదట గోనె పట్టా వేశాను, పాచి చాలా తొందరగా పట్టింది, కానీ పేడ నీళ్ళలో బ్యాక్టీరియా దాన్ని తినేసి రెండు నెలల్లోపే గీకుతుంటే పీచు ఊడొచ్చింది. గ్రీన్ షేడ్ నెట్ వేస్తే ఏళ్ళు ఆగుతుంది, కానీ మొదటిసారి పాచి పట్టడానికి మూడు వారాలు తీసుకుంది, పట్టినా ఒక్కోసారి దుప్పటిలా మొత్తం ఊడి కిందకి జారిపోయేది. ఇప్పుడు మందపాటి కాటన్ కాన్వాస్ వాడుతున్నా, కింద షేడ్ నెట్ పరిచి దాని మీద. కాటన్ ఇంకో మేలు చేస్తుంది, కరెంటు పోయినప్పుడు తడి పట్టి ఉంచుతుంది. అదీ కొన్ని నెలలకి కుళ్ళుతుంది, మార్చుకోవాల్సిందే. కొత్త కాన్వాస్‌కి గంజి ఉంటుంది, రెండుసార్లు వేడి నీళ్ళలో నానబెట్టి, సబ్బు లేకుండా ఉతికి వెయ్యండి.

విత్తనం ఎక్కడా కొనక్కర్లేదు. ల్యాబులో పెంచిన క్లోరెల్లా అనే పాచి తెచ్చి వేసినా పేడ నీళ్ళలో నెల తిరిగేసరికి స్థానికంగా ఉన్న పాచే రాజ్యం ఏలుతుంది. మీ ఊళ్ళోనే, అలాంటి నీళ్ళే పారే చోట, బోదె గట్టునో, నీళ్ళ తొట్టె అంచునో, కుళాయి కింద గచ్చు మీదో ఉన్న ఆకుపచ్చ పాచి గీకి తెచ్చుకోండి, నాలుగైదు చోట్ల నుంచి తెస్తే ఇంకా మంచిది. వేళ్ళ మధ్య నలిపితే సన్నటి పోగుల్లా గరుకుగా తగిలేది మంచి రకం. నల్లగా, నీలం కలిసిన ఆకుపచ్చగా, జిగటగా జారిపోతూ మట్టి వాసన కొట్టేది సయనోబ్యాక్టీరియా, కొన్ని వాటిల్లో విషాలు తయారవుతాయి, అవి వద్దు. తెచ్చినదాన్ని బకెట్టులో కొంచెం నీళ్ళు పోసి చేత్తో బాగా పిసికి, రాళ్ళూ నత్తలూ తీసేసి, సున్నం వేసే బ్రష్షుతో తడి గుడ్డ మీద పూసెయ్యండి. సాయంత్రం పూట పూసి రాత్రంతా తడి ఆరకుండా చూసుకుని, తెల్లారి పంపు సన్నగా మొదలెట్టాలి. మొదటి నాలుగు రోజులు షేడ్ నెట్ నీడ ఉండాలి, నేరు ఎండ పడితే పూసినదంతా తెల్లబడిపోతుంది.

ముందు గోధుమ రంగు పొర వస్తుంది. అయ్యో చెడిపోయింది అనుకోకండి, అవి డయాటమ్‌లు, అంటే ఒంటి కణం గోధుమ రంగు పాచి, బ్యాక్టీరియాతో కలిసి జిగురు పొర వేసేవి అవే, ఆ జిగురు మీదే తర్వాత ఆకుపచ్చవి కాలు మోపుతాయి. 10-14 రోజులకి షీటంతా పచ్చబడుతుంది.

ఇప్పుడు నీళ్ళు. పాక నీళ్ళు నేరుగా పోస్తే షీటు ఒక్కరోజులో బురద పట్టి చస్తుంది. ఒక తొట్టెలో రోజంతా నిలవుంచి, పైన తేరినదాన్ని మాత్రమే గోనెలో వడకట్టి తీసుకోవాలి. అప్పటికీ డికాక్షన్ రంగులో ఉంటుంది, దాన్ని పల్చటి టీ రంగు వచ్చేదాకా మామూలు నీళ్ళతో పలచన చెయ్యాలి, మాకు ఒకటికి నాలుగైదు పాళ్ళు పడుతుంది. తర్వాత్తర్వాత ఆ పలచన చెయ్యడానికి శుభ్రమైన నీళ్ళు వాడక్కర్లేదు, షీటు మీద తిరిగి శుభ్రమైన నీళ్ళనే వాడుకోవచ్చు. పాక కడిగేటప్పుడు ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు వేసిన రోజు నీళ్ళు బోదెకే పోనివ్వండి, డ్రమ్ములోకి రానివ్వొద్దు. గిట్టలకి మైలుతుత్తం నీళ్ళు వాడినా అంతే.

కొలవడానికి రొయ్యల మందుల షాపుల్లో దొరికే అమోనియా కిట్టు సరిపోతుంది, కానీ ఆ కిట్లు తక్కువ పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) కోసం చేసినవి, మన నీళ్ళు పోస్తే రంగు ముదిరిపోయి చార్టులో ఆఖరి గడి దాటిపోతుంది. అందుకని ఒక మిల్లీలీటరు మన నీళ్ళకి తొమ్మిది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, అదే బ్యాటరీల్లో పోసేది, కలిపి టెస్టు చేసి వచ్చిన అంకెని పదితో హెచ్చించండి. ఇంకో మాట, ఎండాకాలం ఈ షీటు మీద నుంచి రోజుకి 15-20 లీటర్లు ఆవిరైపోతాయి, అప్పుడు డ్రమ్ములో అమోనియా నిజంగా తగ్గినా తగ్గనట్టు, ఒక్కోసారి పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. డ్రమ్ముకి 100 లీటర్ల దగ్గర గీత పెట్టుకుని, ముందు గీత దాకా మంచినీళ్ళు పోసి, కలిపి, అప్పుడు టెస్టు చెయ్యాలి. నేను మొదటి నెలంతా ఇది తెలియక పాచి పని చెయ్యట్లేదని దిగులుపడ్డాను.

ఎంత షీటు ఎంత నీటికి సరిపోతుందో లెక్క వేసుకుందాం, ఇది అందరూ దాటేసే భాగం. వెలుతురు బాగుండి, అన్నీ కుదిరితే చదరపు మీటరుకి రోజుకి 5 నుంచి 20 గ్రాముల పొడి పాచి వస్తుంది, మధ్యస్తంగా 10 అనుకోండి. దాంట్లో నత్రజని సుమారు 7 శాతం, ఫాస్ఫరస్ ఒక శాతం. అంటే చదరపు మీటరు రోజుకి 0.7 గ్రాముల నత్రజని లాగుతుంది. నా రెండు చదరపు మీటర్లూ 1.4 గ్రాములు. డ్రమ్ములో 100 లీటర్లు 50 పీపీఎం దగ్గర ఉంటే మొత్తం 5 గ్రాముల నత్రజని, కాబట్టి మూడున్నర నాలుగు రోజులు తిప్పాలి. ఇది చదివి నాలుగు గేదెల నీళ్ళు మొత్తం రెండు మీటర్ల షీటుతో అయిపోతాయనుకోవద్దు, అవ్వవు. మనిషి ఒక్కడి నుంచే రోజుకి 10 గ్రాములకి పైగా నత్రజని బయటికొస్తుంది, గేదె సంగతి చెప్పక్కర్లేదు. నేను చేస్తున్నది తేరిన నీళ్ళలో కొంత భాగాన్ని మాత్రమే, మిగతాది పశుగ్రాసం మడికి పెడుతున్నా. బోదెకి పోయేది మాత్రం ఇప్పుడు బాగా తగ్గింది.

స్థలం తక్కువున్నవాళ్ళు గుడ్డని నిలువుగా వేలాడదీసి రెండు పక్కలా పెంచొచ్చు. మిట్టమధ్యాహ్నం నేరు ఎండ లక్ష లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది, పాచి వాడుకోగలిగేది ఇంచుమించు 10-20 వేల లక్స్ దాకానే, మిగతాది వృథా, పైగా మే నెలలో దానికి దెబ్బ కూడా. నిలువు గుడ్డ మీద ఆ ఎండ పరుచుకుని పలచగా పడుతుంది కాబట్టి అదే స్థలంలో ఎక్కువ పాచి పండుతుంది. బెల్టుల వాళ్ళు నిలువుగా పెట్టింది ఇందుకే. వాలు షీటుకి మాత్రం మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత, రోజుకి రెండుసార్లు చూడాలి, తెల్లవారుజామునా, మధ్యాహ్నం రెండింటికీ. పగలు పాచి నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది కాబట్టి పీహెచ్ పైకి పోతుంది. 8 దగ్గర ఉన్నంతకాలం అమోనియాలో కొద్ది వంతే గ్యాసు రూపంలో ఉంటుంది, 9 దాటిందంటే సగానికి దగ్గరగా గ్యాసే. ఆ గ్యాసు పాచికి విషం, పైగా గాల్లోకి లేచిపోతుంది. కిట్టులో అమోనియా గబగబా తగ్గి మనకి సంతోషంగా ఉంటుంది గానీ అది పాచిలోకి పోలేదు, మన ముక్కులోకి వచ్చింది. మందు ఏంటంటే, కొత్త పాక నీళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున్న ఎనిమిదింటికి కొంచెం కొంచెంగా కలపడం. వాటిలోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తింటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పాచి దాన్ని అందుకుంటుంది, పాచి వదిలిన ఆక్సిజన్‌ని బ్యాక్టీరియా వాడుకుంటుంది. ఏరేటరు లేకుండానే వాసన తగ్గేది అందుకే.

గీకుడు దగ్గరికి వద్దాం. పొర మందం పెరిగేకొద్దీ పై కణాలు వెలుతురంతా మింగేస్తాయి, ఒక మిల్లీమీటరులో పావు వంతు కిందకి వెళ్ళేసరికి చీకటే, ఆ అడుగున ఉన్నవి చచ్చిపోయి పట్టు వదిలేస్తాయి. ఆ తర్వాత ఏ రోజైనా మొత్తం పొర ఊడి డ్రమ్ములో పడుతుంది. అంచులు లేస్తుంటే, పొర కింద గాలి బుడగలు ఉబ్బుతుంటే, గోటితో లేపి చూస్తే అడుగున పసుపు తెలుపు కనిపిస్తుంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. మాకు చలికాలం ఏడెనిమిది రోజులకి, వేసవిలో ఐదు రోజులకి వస్తుంది.

పొద్దున్నే ఎండ రాకముందు పంపు ఆపి, అరగంట నీళ్ళు ఓడనివ్వండి. నేను గచ్చు తుడిచే రబ్బరు వైపరు ముక్క కోసి వాడేవాణ్ణి, మా అమ్మ చూసి "అట్లకాడతో తియ్యరా, కింద పొర పెనానికి నూనె రాసినట్టు ఉండిపోవాలి" అంది, ఆ మాటే నాకు కొలత అయిపోయింది. చెక్క అట్లకాడని పడుకోబెట్టి పైనుంచి కిందకి లాగితే ముద్ద చుట్టుకుంటూ వస్తుంది, వెనక గుడ్డ మీద లేత ఆకుపచ్చ నీడ మిగలాలి. గుడ్డ తెల్లగా కనిపించేదాకా రుద్దితే మళ్ళీ పది రోజులు వెనక్కి పోయినట్టే. ఆ నీడలో ఉన్న కణాలే తర్వాతి పంటకి విత్తనం, వెన్ అయోవాకి రాకముందు వర్జీనియా టెక్‌లో జాన్సన్‌తో కలిసి చేసి 2010లో ప్రచురించిన పనిలో కూడా గీకగా మిగిలినదాని నుంచి వచ్చిన పంట మొదటి పంట కన్నా తొందరగా వచ్చింది. ఒకేసారి మొత్తం గీకకుండా ఈ వారం కుడి సగం, మూడు రోజులాగి ఎడమ సగం గీకితే నీళ్ళ శుద్ధి ఆగదు. నా షీటుకి వారానికి కిలో, కిలోన్నర పచ్చి ముద్ద వస్తుంది, ఎండితే 130-140 గ్రాములు.

తెగుళ్ళలో పెద్దది ఎర్ర పురుగు, అంటే కుట్టని ఒక రకం దోమ పిల్లలు, గుడ్డలో గొట్టాలు కట్టుకుని పాచిని అడుగు నుంచి తినేస్తాయి, పొరలో బట్టతలలా మచ్చలు పడుతుంటే అవే. గీకే వ్యవధి తగ్గించండి, బాగా ముదిరితే గీకేశాక ఒక పూట నీళ్ళు ఆపి ఆరనివ్వండి, పురుగు చస్తుంది, పాచి నీడ మళ్ళీ లేస్తుంది. మందు కొడితే ఆ మందు నీళ్ళలోనే ఉండిపోతుంది, వద్దు. నత్తల్ని రాత్రి టార్చి వేసి ఏరేయడమే. డ్రమ్ముకి దోమతెర కట్టడం మర్చిపోవద్దు. మే నెలలో రెండు గంటలు కరెంటు పోతే పైనున్న పొర మాడుతుంది, మగ్గుతో నాలుగుసార్లు తడపండి. వానాకాలం జడివానకి పొర కొట్టుకుపోతుంది, పైన ప్లాస్టిక్ కవరు వాలుగా కట్టుకోండి.

ముద్దని ఏం చెయ్యాలి అంటే, టార్పాలిన్ మీద వడియాలు పెట్టినట్టు పల్చగా పరిచి రెండెండలు ఇవ్వండి. మందంగా పోస్తే లోపల కుళ్ళి భరించలేని కంపు. ఎండాక అప్పడంలా విరుగుతుంది, నలిపి మల్లె మొక్కలకీ, కొబ్బరి పాదులకీ వేస్తున్నాం. మల్బ్రీ వాళ్ళు 2005లో దోస, మొక్కజొన్న మొలకల మీద చూసి, దీంట్లోని పోషకాలు నెమ్మదిగా విడుదలయ్యే ఎరువులా పనికొస్తాయన్నారు. గోబర్ గ్యాసు ఉన్నవాళ్ళు పేడతో కలిపి వేసుకోవచ్చు, ఒక్క పాచే వేస్తే నత్రజని ఎక్కువై గ్యాసు తగ్గుతుంది. కోళ్ళకీ చేపలకీ పెడదామని మాత్రం అనుకోకండి, పేడ నీళ్ళ పాచిలో రోగకారక క్రిములు ఉండొచ్చు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చోటైతే సీసం, కాడ్మియం లాంటి లోహాలని పాచి పీల్చి పోగేసుకుంటుంది. సెప్టిక్ ట్యాంకు నీళ్ళ మీద పెంచినదైతే ఆకుకూరలకి కూడా వెయ్యొద్దు, చెట్లకే. గీకేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

డ్రమ్ములో అమోనియా 5 పీపీఎం లోపుకి దిగాక సగం నీళ్ళు గడ్డి మడికి వదిలి, మిగతా సగంలో పల్చటి టీ రంగు దాటకుండా కొత్త పాక నీళ్ళు కలిపి మళ్ళీ పంపు వేస్తాను. మొత్తం ఖాళీ చెయ్యను, ఆ పాత నీళ్ళతో పలచన చేస్తేనే షీటు కొత్త నీళ్ళకి బెదరకుండా ఉంటుంది.